మూల తెగిన నీలి గుడ్డ

నేను ఒక గుడ్డను, కారు తుడిచే గుడ్డను. ఈ మాట వినగానే మీ మొహంలో కళ తగ్గడం నాకు తెలుస్తూనే ఉంది. తుడుపుగుడ్డ కూడా ఆత్మకథ చెప్పాలా అని కదా? చెప్పాలి. నేను చేసిన పాపం ఒకటుంది. అది ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నాకు మనశ్శాంతి లేదు.

పుట్టుకతోనే నాకు భయం ఎక్కువ. దానికి కారణం నా ఒళ్లే. నేను నూలును కాను, పట్టునూ కాను. మైక్రోఫైబర్ అంటారు నన్ను. వెంట్రుకను నిలువునా ఎన్నో పాయలుగా చీల్చినంత సన్నటి దారపు కొసలు నా నిండా లక్షల్లో ఉంటాయి. దుమ్మూ నీళ్లూ నూనే, ఏది తగిలినా పట్టుకోవడమే వాటి పని. పట్టుకోవడం బాగా వచ్చు, వదలడమే సరిగ్గా రాదు. ఒక్క ఇసుక రేణువు నాలో ఇరుక్కుందా, నేను గుడ్డను కాను, గరుకు కాగితాన్ని. పైకి మాత్రం అంతే మెత్తగా ఉంటాను. ఆ మెత్తదనం వెనక ఏం దాక్కుందో ఒక్కోసారి నాకే తెలియదు. ఇలాంటి ఒంటితో నిశ్చింతగా ఎవరుంటారు చెప్పండి?

ఏదో మిల్లులో పన్నెండు మందిమి కలిసి పుట్టాం. అందరమూ నీలి రంగే. ఒకరి మీద ఒకరిని అణిచిపెట్టి, ప్లాస్టిక్ కవరులో ఊపిరాడకుండా కుక్కి, ఎక్కడికో పంపారు. కవరు తెరుచుకునేసరికి చౌటుప్పల్ అవతల, హైవేకు కాస్త లోపలగా ఉన్న ఒక రేకుల షెడ్డులో ఉన్నాం. ఆ పక్కనే కార్ల పందేల ట్రాక్ ఉంది. ఆదివారాలు పొద్దుటి నుంచీ అక్కడి నుంచి ఒకటే రొద. మధ్యాహ్నం దాటాక ఆ రొద చేసిన కార్లన్నీ ఒళ్లు హూనం చేసుకుని మా షెడ్డుకు వస్తాయి.

మనుషుల తీరు నాకు ఇప్పటికీ అర్థం కాదు. ప్రాణంతో సమానమని చెప్పుకునే కారును తీసుకుపోయి, ఒకే చోట గుండ్రంగా తిప్పి తిప్పి, కంకర రాళ్ల దెబ్బలు తినిపిస్తారు. టైర్ల రబ్బరు కరిగి ముక్కలు ముక్కలుగా తలుపుల కింద అతుక్కుంటుంది. బ్రేకులు అరిగి రాలిన ఇనుప పొడి చక్రాల నిండా పేరుకుంటుంది. బానెట్ మీద పురుగులు చితికి ఎండిపోతాయి. అదంతా చేసుకుని వచ్చి, "జాగ్రత్తండీ, గీత పడకుండా తుడవండి" అని మాకు చెబుతారు. వాళ్ల ఆనందం వాళ్లది. భయం మాత్రం మాకు వదిలేస్తారు.

ఆ షెడ్డు స్వరూపది. ముప్పై అయిదేళ్ల మనిషి, నడుముకు రబ్బరు ఆప్రాన్ కట్టుకుని, నీళ్ల గొట్టం పట్టుకుంటే ఎదుట ఏ మురికీ నిలవదు. ఆమె దగ్గర పని చేసేది మొగిలయ్య ఒక్కడే. అరవై దగ్గరపడిన మనిషి. ముప్పై ఏళ్లు కార్లకు రంగు వేసి, ఊపిరితిత్తులు ఇక వద్దనడంతో స్ప్రే గన్ పక్కన పెట్టి, వేసిన రంగును కాపాడే పనికి వచ్చాడు. స్వరూప ఆయన్ని కాకా అంటుంది. ఆయన ఆమెను బిడ్డా అంటాడు.

మమ్మల్ని కవరులోంచి తీసిన రోజే మొగిలయ్య బ్లేడుతో మా అంచులకు ఉన్న చీటీలన్నీ కోసేశాడు. ఆ చీటీ కూడా రంగు మీద గీత పెడుతుందట. అప్పుడే మాకు షెడ్డు చట్టం తెలిసింది. నీలి గుడ్డలు కారు ఒంటికి, బూడిదరంగు గుడ్డలు చక్రాలకు. వాడాక నీలివాటిని ఒక తొట్టిలో, బూడిదరంగువాటిని మరో తొట్టిలో ఉతుకుతుంది స్వరూప. చక్రాల గుడ్డలకు ఇనుప పొడి వదిలించే మందు పోసి మూడుసార్లు ఉతుకుతుంది, మాకు సబ్బు నీళ్లు చాలు. ఒకసారి నేల మీద పడిన గుడ్డ మళ్లీ రంగును తాకకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైన ఆచారం మొగిలయ్యది. ఏ గుడ్డనైనా రంగు మీద పెట్టే ముందు ఒకసారి తన చెంపకు ఆనించి మెల్లగా లాగుతాడు. అరచేయి కాయలు కాసిపోయింది, అది అబద్ధం చెబుతుంది, చెంప చెప్పదు అంటాడు. నాకు ఈ లోకంలో ధైర్యంగా అనిపించే చోటు ఆ చెంప ఒక్కటే. అక్కడ పరీక్ష అయిందంటే నాలో ఏ పాపమూ లేదని అర్థం.

మొగిలయ్య పని చూడటానికి నాకు రెండు కళ్లూ చాలవు. కారు రాగానే ముట్టుకోడు. వేడి మీద ఉన్న రంగు మీద నీళ్లు పోస్తే మరకలు కడతాయని నీడలో పెట్టి, చేత్తో చూసి, చల్లబడ్డాకే మొదలు పెడతాడు. ముందు వట్టి నీళ్లు, ఆ తర్వాత నురగ. ఆపైన ఇనుప పొడి కరిగించే మందు చల్లితే, ఇనుము ఉన్నచోటల్లా అది ఊదారంగుకు తిరిగి కిందికి కారుతుంది. అది కారడం చూసి కడగాలి. రబ్బరు ముక్కల్ని నూనెతో నానబెట్టి ఒలుస్తాడు. చివర సన్నటి ప్లాస్టిక్ కవరును చేతికి తొడుక్కుని రంగు మీద వేళ్లు నడుపుతాడు. కవరు ఉంటే వేలికి రేణువు రెండింతలై తగులుతుంది. అప్పుడు మైనం. ఆ మైనాన్ని తుడిచి మెరుపు తేవడమే మా నీలివాళ్ల పని.

నా భయం అసలు రూపం దాల్చింది ఆ ఊదారంగు దగ్గరే.

ఒక ఆదివారం మందు చల్లి, మొగిలయ్య అడిగాడు. "ఊదా కారుతున్నదా బిడ్డా?"

"నీ ముంగటనే కారుతున్నది గద కాకా!" అంది స్వరూప, వంగి చక్రాలు తోముతూ.

"ఔ, ఔ. చూసిన" అన్నాడాయన.

చూడలేదు. నేను ఆయన భుజం మీద ఉన్నాను, ఆయన కళ్లు ఎటున్నాయో నాకు తెలుసు. ఆ తర్వాత నుంచి గమనించడం మొదలుపెట్టాను. మందు చల్లి పెదవుల్లోనే అంకెలు లెక్కపెట్టుకుంటున్నాడు. వంద కాగానే కడుగుతున్నాడు. డబ్బాల మీద పేర్లు చదవకుండా మూత తీసి వాసన చూస్తున్నాడు. ఒకసారి ఎండలో నిలబడి ఉన్నప్పుడు, ఆయన నల్లగుడ్ల మీద పాత కారు రంగు మీద ఉండేలాంటి పొగమబ్బు కనిపించింది నాకు. రెండు కళ్లలోనూ శుక్లాలు. జీవితమంతా కార్ల పైపూత చెడకుండా కాపాడిన మనిషి కళ్లకే పొర కమ్మింది. ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్తే రంగు దగ్గరికి రానివ్వరని ఆయన భయం. చెప్పకపోతే ఏమవుతుందోనని నా భయం. రెండు భయాలూ కలిసి ఒకే భుజం మీద తిరిగేవి.

ఆయన దగ్గరికి వచ్చే కార్లలో ఒకటి వేరు. విశ్వనాథం మాస్టారి నల్ల కారు. ఆయన సొంతూరు తెనాలి, ఇక్కడి పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. తుక్కు కింద పోయే పాత కారును తెచ్చుకుని, ఇంజను తానే కట్టుకున్నాడు. రంగు మాత్రం మొగిలయ్యతో వేయించుకున్నాడు. అదే మొగిలయ్య వేసిన ఆఖరి రంగు. పొర మీద పొర వేసి, ప్రతి పొరనూ నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో రుద్ది తీసిన నలుపు. దానిలో మొహం చూసుకుంటే మొటిమ కూడా దాక్కోదు. నలుపు మీద గీత ఎంత సన్నదైనా ఎండలో సాలెగూడులా బయటపడుతుంది. ఆ కారు షెడ్డులోకి వచ్చినప్పుడల్లా మొగిలయ్య నడక మారేది, కన్నకూతురు పుట్టింటికి వచ్చినట్టు.

ఇక ఆ శనివారం సంగతి.

నీళ్ల ట్యాంకరు రాలేదని స్వరూప ఊళ్లోకి వెళ్లింది. ఉతికిన గుడ్డలన్నీ ఒకే తీగ మీద ఆరుతున్నాయి, నీలివీ బూడిదరంగువీ కలిసి. అప్పుడే వచ్చిన ఒక కారు చక్రాలు తుడవడానికి గుడ్డ కోసం మొగిలయ్య తీగ దగ్గరికి వచ్చాడు. మబ్బు పట్టి ఉంది. ఆయన చెయ్యి గాల్లో ఒక్క క్షణం ఆగింది. తర్వాత నన్ను తీశాడు.

నేను నీలిదాన్ని, నీలిదాన్ని అని మొత్తుకున్నాను. మాకు నోరుంటే ఈ లోకంలో ఎన్ని కార్లు బాగుపడేవో. ఆయన నన్ను చక్రం మీద పెట్టి కసిగా రుద్దాడు. బ్రేకుల ఇనుప పొడి, నల్లగా, సూదుల్లాంటి మొనలతో, నా దారపు కొసల్లోకి దిగబడింది. ఒక చక్రం కాదు, నాలుగూ. పని అయ్యాక మురికి బుట్టలో పడేశాడు.

సాయంత్రం స్వరూప వచ్చి బుట్ట తీసింది. ఆమె కళ్లు బాగానే ఉన్నాయి, అదే మా ఖర్మ. నేను నీలిగా ఉన్నాను కనుక నీలివాళ్ల తొట్టిలో వేసింది. మందు లేదు, మూడు ఉతుకులు లేవు, సబ్బు నీళ్లతో సరి. పై మురికి పోయింది. లోపలిది పోలేదు. ఆరాక నన్ను మడిచి పై అరలో పెట్టింది, రేపటి కోసం, పెద్దమనిషిలా.

ఆ రాత్రి సంగతి చెప్పను. చెప్పడానికి ఏముంది, భయమే.

ఆదివారం మధ్యాహ్నం నల్ల కారు వచ్చింది. ముందు భాగానికి దెబ్బలు తగలకుండా మాస్టారు అంటించుకున్న టేపు సగం లేచిపోయి ఉంది. తలుపుల కింద రబ్బరు. మొగిలయ్య అన్నీ పద్ధతిగానే చేశాడు. నీడలో పెట్టాడు, కడిగాడు, వంద లెక్కపెట్టాడు, కవరు తొడుక్కుని తడిమాడు. ఎక్కడా రేణువు లేదు. మైనం పట్టించాడు. పై అర మీద చెయ్యి పెట్టి గుడ్డ తీశాడు. పదకొండు మంది ఉండగా నేనే రావాలా!

సరే, చెంప ఉంది కదా అనుకున్నాను. చెంపకు ఆనించగానే దొరికిపోతాను, నన్ను అవతల పడేస్తారు, కారు బతుకుతుంది. నాకు అంతే కావాలి.

అప్పుడే మాస్టారు పక్కకు వచ్చి నిలబడ్డాడు. "ఇవాళ ఆ మూడో మలుపు ఉంది చూశావా మొగిలయ్యా, ఎక్కడా బ్రేకు తొక్కకుండా తిప్పేశాను" అన్నాడు చిన్నపిల్లాడిలా. మొగిలయ్య నవ్వాడు. "అరవై నాలుగేండ్లకు గీ తిప్పుడేంది సార్" అన్నాడు. ఆ నవ్వులో, ఆ మాటల్లో పడి, నన్ను చెంప దాకా తీసుకుపోవడం మరిచిపోయాడు.

చెంప, చెంప అని నా ప్రాణం కొట్టుకుంటూనే ఉంది. నన్ను బానెట్ మీద పెట్టాడు.

నాకు చేతనైనంత చేశాను. దారాలన్నీ బిగబట్టి, ఆ ఇనుప మొనల్ని లోపలికి లాక్కోవాలని చూశాను. మొదటి చుట్టులో నిలిచాయి. రెండో చుట్టులో ఒకటి బయటికి తొంగిచూసింది. మూడో చుట్టులో అన్నీ బయటికి వచ్చాయి. పొర మీద పొర వేసిన ఆ నలుపు నా కింద సన్నగా చిరగడం నాకు తెలిసింది. మనుషుల చెవికి వినపడని చప్పుడు అది.

మొగిలయ్య చెయ్యి ఆగిపోయింది.

కళ్లకు కనపడనిది వేళ్లకు తెలిసింది. నన్ను పక్కనున్న స్టాండు మీద, చక్రాలు తుడిచిన గుడ్డ పక్కన పెట్టి, కవరు తొడుక్కుని బానెట్ తడిమాడు. తడుముతూనే ఉండిపోయాడు.

మబ్బు వెలుతురులో మాస్టారికి ఏమీ కనపడలేదు. "అద్దంలా ఉందయ్యా" అన్నాడు. పైన ఇంకొంచెం మైనం పూస్తే ఆ గీతలు రెండు మూడు కడుగుళ్ల దాకా ఎవరికీ కనపడవు. ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన కిటుకే అది. మైనం డబ్బా మొగిలయ్య చేతికందే దూరంలోనే ఉంది. ఆయన చెయ్యి దాని మీదికి పోయింది కూడా. మూత మీద కాసేపు ఉంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"లేదు సార్. గీతలు వడ్డయి" అన్నాడు.

స్వరూప పరుగున వచ్చి లైటు వేసి పట్టుకుంది. బానెట్ మధ్యలో గుండ్రంగా సాలెగూడు. ఒక పక్కన ఒకటి మాత్రం లోతుగా, వంకీగా. మాస్టారు వంగి ఆ గీతల్ని దగ్గరగా చూశాడు.

"కాకా, ఏ గుడ్డతోని తుడిచినవ్?"

"నీలిదే బిడ్డా. నీలిది కాక రంగు మీద ఇంకోటి ఎప్పుడన్న పెట్టిననా?" మొగిలయ్య గొంతులో మొదటిసారి ఉక్రోషం వినపడింది. స్టాండు మీద చెయ్యి వేసి ఒక గుడ్డ ఎత్తి చూపించాడు. "గిదో, గిదే."

ఆయన ఎత్తి పట్టుకున్నది బూడిదరంగు గుడ్డ. నేను దాని పక్కనే పడి ఉన్నాను.

ట్రాక్ మీద ఆఖరి కారు రొద అప్పుడే ఆగిపోయింది. స్వరూప ఆ గుడ్డను ఆయన చేతిలోంచి మెల్లగా తీసుకుంది. ఇంకో చేత్తో నన్ను తీసుకుంది. ఇద్దరినీ ఆయన ముందు పట్టుకుంది.

"కాకా. వీటిల్ల నీలిది ఏది?"

మొగిలయ్య చూశాడు. తర్వాత చూడటం మానేసి వేళ్లతో తడిమాడు. మొదట నన్ను, తర్వాత దాన్ని, మళ్లీ నన్ను. మా ఇద్దరి నేత ఒకటే. వేళ్లు ఏం చెబుతాయి?

"రెండు ఒక్కతీర్గనే ఉన్నయి బిడ్డా" అన్నాడు చివరికి.

"ఎన్నొద్దుల సంది?"

"మొన్నటి దసరా సంది మబ్బు మబ్బుగ ఉన్నది."

"చెప్పకపోతివి?"

"చెప్తే రంగు ముట్టనిస్తవా? ఆపరేషన్ అంటరు. కంట్ల కత్తి వెట్టినంక చూపు రాకపోతే?" ఆయన అరచేతులు ముందుకు చాపాడు. "ముప్పై ఏండ్ల సంది చెయ్యి, కన్ను తప్ప నా తాన ఏమున్నది బిడ్డా?"

స్వరూప ఏడ్చింది. నేను చేతిలో ఉన్నా నాతో కళ్లు తుడుచుకోలేదు, కొంగుతో తుడుచుకుంది. అంత ఏడుపులోనూ నన్ను నమ్మకూడదని ఆమెకు గుర్తుంది.

మాస్టారు బానెట్ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండును, నా భయానికి ఒక ముగింపు దొరికేది. ఆయన మొగిలయ్య ఎదురుగా నిలబడి, క్లాసులో లెక్క చెప్పినట్టు చెప్పాడు.

"ఈ రంగు వేసింది నువ్వు. ఈ గీతలు తీసేదీ నువ్వే. ఇంకొకళ్ల చెయ్యి దీనిమీద పడనివ్వను. నీ కళ్లు బాగయ్యేదాకా ఈ గీతలతోనే తిప్పుతాను, ట్రాక్ మీద అందరూ అడిగినా సరే. అడిగితే, మా మొగిలయ్య వస్తాడు, ఆయన వచ్చాక తీస్తాడు అంటాను. రాకపోతే మాత్రం అబద్ధమాడినవాణ్ణవుతాను. అదంతా నీ చేతుల్లో ఉంది."

ఆ సాయంత్రం స్వరూప కత్తెర తెచ్చింది. చక్రాల గుడ్డలన్నిటికీ ఒక్కో మూల కోసేసింది. కళ్లతో పని లేకుండా వేలికి తెలియాలని. అన్నిటికన్నా ముందు నా మూల కోసింది. అలా నేను రంగు గుడ్డ కులం నుంచి చక్రాల బకెట్లోకి జారాను. నాకేం బాధ కలగలేదు. నిజం చెప్పాలంటే ఊపిరి పీల్చుకున్నాను. నన్ను ఎవరో ఒకరు నమ్మడం మానేస్తే బాగుండునని ఎన్నాళ్లుగానో ఉంది.

ఊరట మాత్రం దక్కలేదు. ప్రతి ఆదివారం ఆ నల్ల కారు వచ్చేది, నేను చేసిన సాలెగూడును బానెట్ మీద మోసుకుని. నేను దాని చక్రాల దగ్గర వంగి పని చేస్తూ పైకి చూసేదాన్ని. మొగిలయ్య లేడు. ఒక కంటికి ఆపరేషన్ అయిందని స్వరూప ఫోనులో ఎవరితోనో చెప్పగా విన్నాను. మూడు వారాలు రెండో దాని మాట లేదు. ఏమైంది? కట్టు విప్పారా? చూపు వచ్చిందా? బకెట్లో ఉన్నవాళ్లకు ఎవరు చెబుతారు? ఒకరోజు స్వరూప ఫోనులో "అయ్యో" అంది. ఆ అయ్యో ఎందుకో తెలియక నాలుగు రోజులు నానిపోయాను. తర్వాత తెలిసింది, ట్యాంకరు మళ్లీ రాలేదట.

వానలు వెలిసిన ఒక ఆదివారం మొగిలయ్య, రెండో కంటికీ ఆపరేషన్ చేయించుకుని, నల్లద్దాలు పెట్టుకుని షెడ్డులోకి నడిచి వచ్చాడు. మాస్టారి కారు ముందే వచ్చి ఉంది. అద్దాలు తీసి బానెట్ చూశాడు. చాలాసేపు చూశాడు. తాను వేసిన నలుపులో ఇన్నాళ్లూ తనకు కనపడని లోపాలు కూడా ఆ రోజు కనపడ్డాయనుకుంటాను. "గీ మూలకు గన్ను జెర ఆగింది సార్, అప్పుడు చూడలే" అన్నాడు మెల్లగా. "నాకూ కనపడలేదులే" అన్నాడు మాస్టారు.

మిషను పట్టుకుని, అరచేయంత మేర ఒక్కోసారి, సాయంత్రం దాకా పాలిష్ చేశాడు. సాలెగూడు పోయింది. ఆ లోతైన వంకీ గీత దగ్గర మాత్రం ఆపేశాడు. "ఇది తీస్తే పైపూత పోతది. ఉండనీయుండ్రి" అన్నాడు. మాస్టారు తల ఊపాడు.

తర్వాత మొగిలయ్య అడిగాడు. "ఆ గుడ్డ ఏది బిడ్డా? గీతలు వెట్టింది?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. స్వరూప బకెట్లోంచి నన్ను తీసి పిండి ఇచ్చింది. తుప్పు మరకలు, తెగిన మూల, వెలిసిన ఒళ్లు. ఆయన నన్ను రెండు చేతులా విప్పి ఎండకు పట్టుకున్నాడు. తిట్టే మాట కోసం చూశాను.

"అబ్బ" అన్నాడు. "గింత నీలమా ఇది!"

అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఇన్నేళ్లలో నాతో ఎన్నో తుడిచారు గానీ నన్ను చూసినవాళ్లు లేరు. నేను అంత నీలంగా ఉంటానని నాకూ అప్పుడే తెలిసింది.

తర్వాత నన్ను మడిచాడు. రెండు కళ్లూ బాగా కనపడుతున్నా, బకెట్ దగ్గర ఒక్క క్షణం ఆగి, తెగిన మూలను బొటనవేలితో తడిమి చూశాడు. తడిమాకే చక్రాల బకెట్లో వేశాడు.